కొండపల్లా, మంగళగిరా, పెడనా: సెలవు ఒక్కరోజే ఉంటే ఎటు వెళ్లాలి?

విజయవాడకో గుంటూరుకో చుట్టాలు వస్తే మనం తిప్పే చోట్లు దాదాపు ఖాయం. దుర్గమ్మ గుడి, బ్యారేజీ, భవానీ ద్వీపం, టైం మిగిలితే ఒక షాపింగ్ మాల్. కాస్త వేరేగా ఏదైనా చూపించండి అని వాళ్లు అడిగినప్పుడు, లేదా మనకే ఆదివారం ఖాళీ దొరికినప్పుడు, చేతిపనికి పేరున్న పాత ఊళ్లు మూడు మనకు దగ్గర్లో ఉన్నాయి: బొమ్మల కొండపల్లి, మగ్గాల మంగళగిరి, కలంకారీ అద్దకాల పెడన. మూడూ ఒకేరోజు చుట్టేద్దాం అని బయల్దేరేవాళ్లు చాలామంది ఉంటారు కానీ దయచేసి ఆ పని చేయొద్దు, ఎందుకంటే ఒకటి హైదరాబాద్ రోడ్డులో, ఒకటి గుంటూరు రోడ్డులో, ఒకటి బందరు వైపు ఉన్నాయి, రోజంతా కారులో కూర్చోవడమే తప్ప ఏ ఊళ్లోనూ పట్టుమని గంటసేపు నిలబడలేరు.

ముందే నా మాట చెప్పేస్తాను, తర్వాత కారణాలు చూద్దాం. చిన్నపిల్లలతో వెళ్తుంటే కొండపల్లి. సగం రోజే ఉండి, ఇంట్లో పెద్దవాళ్లకు దర్శనం, మిగతావాళ్లకు చీరలు రెండూ కుదరాలంటే మంగళగిరి. చేతిపని మీద నిజంగా ఇష్టం ఉండి, పొద్దున్నే బయల్దేరి సాయంత్రం దాకా ఉండగలిగితే మాత్రం రెండో ఆలోచన లేకుండా పెడన.

ఎంచుకునేటప్పుడు చాలామంది ఏం కొనాలి అన్నదాని బట్టి ఎంచుకుంటారు. కొండపల్లి బొమ్మలు, మంగళగిరి చీరలు, కలంకారీ గుడ్డ మూడూ విజయవాడ దుకాణాల్లోనే దొరుకుతాయి, ఎగ్జిబిషన్లలో దొరుకుతాయి, ఆన్‌లైన్లో కూడా దొరుకుతాయి. దొరకనిది ఆ పని జరుగుతుండగా చూడటం. కాబట్టి ఏ ఊళ్లో పని ఎంతవరకు కంటికి కనిపిస్తుంది, ఏ వేళకు కనిపిస్తుంది, మీతో వచ్చేవాళ్లకు అందులో ఓపిక ఎంత అన్నవి చూసుకుని ఎంచుకోండి, కొనడం దానంతట అదే జరుగుతుంది.

కొండపల్లితో మొదలుపెడదాం. విజయవాడ నుంచి ఇబ్రహీంపట్నం మీదుగా ఇరవై కిలోమీటర్ల పైచిలుకు, ఆటోలో కూడా వెళ్లిపోవచ్చు, సిటీ బస్సులు ఉన్నాయి, కాజీపేట వైపు వెళ్లే రైలు మార్గంలో స్టేషన్ కూడా ఉంది. బొమ్మలు చేసే కుటుంబాలు ఎక్కువగా బొమ్మల కాలనీ అనే వీధుల్లోనే ఉంటాయి, ముందు గదిలో దుకాణం, వెనక గదిలోనో అరుగు మీదో పని. పిల్లలతో వెళ్లేవాళ్లకు నేను ఈ ఊరే చెప్పడానికి కారణం ఇదే, పని మొత్తం చేతికందేంత ఎత్తులో, ఒకే గదిలో, కళ్లముందు జరుగుతుంది. చెక్క ముక్క ఏనుగు అవ్వడం ఆరేళ్ల పిల్లాడికి కూడా ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ చెక్క తెల్లపొణికి. చుట్టుపక్కల కొండల అడవుల్లో పెరిగే చెట్టు, చాలా తేలిక, చాలా మెత్తన, ఉలి పెడితే చక్కగా తెగుతుంది. ముందు దాన్ని సన్నని సెగ మీద ఉంచి చెమ్మంతా పోయేలా ఆరబెడతారు. ఏనుగునే తీసుకుంటే ఒళ్లు ఒక ముక్క, కాళ్లు, తొండం, చెవులు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతికిస్తారు. ఆ మక్కునే అతుకుల మీద పూసి, ముక్కు, చేతివేళ్లు లాంటి సన్నపని కూడా దానితోనే తీరుస్తారు. ఎండాక ఆకురాయితో రుద్ది, సున్నం పూసి, ఆ తెలుపు మీద రంగులు వేస్తారు. కుంచె మేక వెంట్రుకలది. మీరు వెళ్లినప్పుడు ఎవరైనా కళ్లు దిద్దుతుంటే అక్కడే కాసేపు ఆగండి. అప్పటిదాకా రంగు పూసిన చెక్కలాగే ఉన్న బొమ్మ, నల్ల చుక్క పడగానే మనవైపు చూసినట్టు ఉంటుంది, పిల్లలు ఆ క్షణాన్ని ఎంత శ్రద్ధగా చూస్తారో చెప్పలేను.

ఈ పని చేసేవాళ్లు ఆర్యక్షత్రియులు, తమ పూర్వీకులు కొన్ని వందల ఏళ్ల కిందట రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాడిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు, రోకలితో దంచే ఆడవాళ్లు, పల్లకీలో పెళ్లికూతురు, ఇవన్నీ తరాలుగా వస్తున్న బొమ్మలు. బొమ్మల కొలువు పెట్టే ఇళ్లవాళ్లయితే ఏ సెట్టులో ఏది తగ్గిందో ముందే చూసుకుని వెళ్లండి, విడిగా ఒక్క బొమ్మ కూడా అమ్ముతారు. దసరాకి, సంక్రాంతికి ముందు వారాల్లో వెళ్తే పని జోరు మీద ఉంటుంది, చెక్కడం నుంచి రంగుల దాకా అన్ని దశలూ ఒకేసారి కనిపిస్తాయి. కాకపోతే అప్పుడు వాళ్లకు ఆర్డర్ల టెన్షన్, మనతో తీరిగ్గా మాట్లాడే వీలుండదు, అది అర్థం చేసుకోవాలి.

కొండపల్లికి ఉన్న రెండో బలం ఖిల్లా. 14వ శతాబ్దంలో కొండవీటి రెడ్డిరాజుల కాలంలో కట్టిన కోట ఇది, తర్వాత గజపతుల చేతికి, కృష్ణదేవరాయల చేతికి, గోల్కొండ కుతుబ్‌షాహీల చేతికి మారి, 1766లో ఇంగ్లిష్ వాళ్ల పాలయ్యింది. ఘాట్ రోడ్డులో వాహనం మీద పైదాకా వెళ్లిపోవచ్చు. మూడంతస్తుల రాతి బురుజు, పాత మహల్ గోడలు, కింద చుట్టూ అడవి. వానలు వెనకబట్టాక, అంటే అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడ తిరగడం హాయి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పొద్దున తొమ్మిది దాటాక ఖిల్లా ఎక్కొద్దు, బెజవాడ ఎండ సంగతి మనకు తెలిసిందే, రాళ్లు కాలిపోతుంటాయి. వేసవిలో వెళ్లక తప్పకపోతే ముందు కోట, తర్వాత నీడపట్టున బొమ్మల వీధి.

కొండపల్లిలో నాకు దిగులు కలిగించే విషయం పొణికి చెట్టు తగ్గిపోవడం. చెక్క దొరకడం కష్టమవుతున్నకొద్దీ చేసేవాడి ఖర్చు పెరుగుతుంది, మరోపక్క అచ్చుల్లో పోసిన బొమ్మలు చవగ్గా వచ్చి పడతాయి. అసలు బొమ్మను గుర్తుపట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు, చేతిలోకి తీసుకోండి, దాని సైజు చూసి మీరు అనుకున్నదానికన్నా బాగా తేలిగ్గా ఉంటుంది. ఒకేలాంటి రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి ముఖాలు చూడండి, చేత్తో దిద్దినవైతే కనుబొమల్లో, పెదవుల్లో ఎక్కడో ఒకచోట తేడా కనబడుతుంది.

ఇక మంగళగిరి. విజయవాడ, గుంటూరు మధ్య హైవే మీదే ఉంది కాబట్టి వెళ్లడం గురించి చెప్పేదేమీ లేదు, ఏ బస్సెక్కినా దిగొచ్చు. గుంటూరు వాళ్లకు మూడింట్లో ఇదే తేలిక. ఇక్కడ రోజును గుడి వేళలు నడిపిస్తాయి. కొండ మీద పానకాల స్వామి దర్శనం మధ్యాహ్నం దాకానే, సాయంత్రం వేళ దేవతలు పూజిస్తారని పెందరాళే మూసేస్తారు. అందుకని పొద్దున ముందు కొండెక్కి, స్వామికి పానకం సమర్పించి, దిగువ గుడికి వచ్చి గాలిగోపురం చూసి, ఆ తర్వాతే మగ్గాలు, దుకాణాలు. ఆ గోపురం పదకొండు అంతస్తులు, 153 అడుగులు, రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807-09 మధ్య కట్టించింది. కింద నిలబడి తలెత్తి చూస్తే మెడ నొప్పి పుడుతుంది.

చేనేత సంగతికొస్తే, మంగళగిరిలో ఉన్న ఒకే ఒక్క చిక్కు ఏమిటంటే, మెయిన్ బజారులో వరసగా చీరల షాపులే కనబడతాయి, మగ్గం కనబడదు. షాపులోకి వెళ్లి, నాలుగు చీరలు కొని, మంగళగిరి చూశాం అని వచ్చేసేవాళ్లే ఎక్కువ. మగ్గాలు లోపలి వీధుల్లో, నేతవాళ్ల ఇళ్లల్లో, షెడ్లల్లో ఉంటాయి. వీధిలో నడుస్తుంటే నాడె అటూ ఇటూ కొట్టుకునే టకటక చప్పుడు వినిపిస్తుంది, ఆ చప్పుడు వెంట వెళ్లి, గుమ్మం దగ్గర నిలబడి, అన్నా కాసేపు చూడొచ్చా అని అడగడమే. చాలావరకు కాదనరు. గుంటమగ్గం ముందు మనిషి నేలమట్టానికి కూర్చుని ఉంటాడు, కాళ్లు గుంటలో తొక్కుడు చెక్కల మీద, ఒక చెయ్యి నాడె తాడు మీద, ఇంకో చెయ్యి పలక మీద. పడుగు, అంటే నిలువు పోగులు బిర్రుగా, పేక, అంటే అడ్డం పోగు పడ్డ ప్రతిసారీ పలకతో గట్టిగా ఒక దెబ్బ. మంగళగిరి గుడ్డ సందు లేకుండా దిట్టంగా ఉంటుందంటే ఆ దెబ్బ వల్లే. పాత పద్ధతి మంగళగిరి చీరకు ఒంట్లో బుటాలు ఉండవు, మధ్యంతా సాదా, అందమంతా అంచులో. నిజాం బార్డరు అని పేరున్న చిన్న చిన్న గోపురాల జరీ అంచు చూస్తే మంగళగిరి అని దూరం నుంచే చెప్పేయొచ్చు.

వర్షాకాలంలో గుంటల్లోకి నీటి ఊట వచ్చి, పోగులు చెమ్మ పట్టి పని ఆగిపోతుంటుంది, కాబట్టి ముసురు రోజుల్లో మగ్గాలు చూద్దామని వెళ్లొద్దు. చేనేత ఇళ్లల్లో అమావాస్యకు పని ఆపే అలవాటు కూడా ఉంది, క్యాలెండర్ ఒకసారి చూసుకోండి. కొనేటప్పుడు చేనేతో మరమగ్గమో తేల్చుకోవాలంటే అంచు పక్కన సన్నని సూదిగుచ్చుల్లాంటి రంధ్రాల కోసం చూడండి, నేసేటప్పుడు గుడ్డను వెడల్పుగా లాగి పట్టే బద్ద గుర్తులవి. హ్యాండ్‌లూమ్ మార్కు ఉంటే ఇంకా మంచిది. డ్రెస్ మెటీరియల్, షర్టు గుడ్డ మీటర్ల లెక్కన తీసుకోవచ్చు, మన ఎండలకు అంతకన్నా మంచి గుడ్డ లేదని నా నమ్మకం. మధ్యాహ్నం ఇంకా టైం ఉంటే తాడేపల్లి వైపు ఉండవల్లి గుహలు దగ్గరే, ఒకే రాతిలో తొలిచిన ఆ పడుకున్న అనంతపద్మనాభుడిని చూసి ఇంటికి వచ్చేయొచ్చు.

ఇప్పుడు పెడన. ఈ ఊరి గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే మూడింట్లో దీనికే చూడటానికి వచ్చేవాళ్లు తక్కువ, చూడాల్సింది ఎక్కువ.

బందరుకి పది కిలోమీటర్ల లోపు దూరంలో చిన్న మున్సిపాలిటీ. విజయవాడ నుంచి గుడివాడ మీదుగా బందరు వెళ్లే రైలు పెడనలో ఆగుతుంది, లేదంటే ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు హైవే పట్టి అక్కడి నుంచి వెనక్కి రావాలి. పోనూ రానూ నాలుగు గంటలు రోడ్డుకే పోతాయనుకోండి. గుంటూరు నుంచి అయితే తెనాలి, రేపల్లె, పెనుమూడి వారధి, అవనిగడ్డ మీదుగా కూడా బందరు చేరొచ్చు, ట్రాఫిక్ తక్కువ, కృష్ణ దాటేటప్పుడు నది వెడల్పు చూడటమే ఒక పండగ. పెడనలో చూడ్డానికి కోట లేదు, పెద్ద గోపురం లేదు, మంచి హోటలు కోసం కూడా వెతుక్కోవాలి. ఊరు దుమ్ముగా, ఇరుగ్గా ఉంటుంది. అలసిపోయి విసుక్కునే పెద్దవాళ్లను, పిల్లలను అక్కడికి తీసుకెళ్లి ఇబ్బంది పెట్టొద్దు.

కానీ గుడ్డ మీద పువ్వు ఎలా పూస్తుందో చూడాలంటే ఇక్కడికే రావాలి. శ్రీకాళహస్తి కలంకారీ వెదురు కలంతో చేత్తో గీసేది, పెడనది టేకు చెక్క అచ్చులతో అద్దేది, రెండూ వేర్వేరు పనులు. ఇక్కడ ముందు గుడ్డను పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండేసి గంజి అంతా వదలగొడతారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలల్లో ముంచి ఆరేస్తారు. పాలల్లోని కొవ్వు వల్ల రంగు అద్దినచోటే నిలుస్తుంది, పక్కకు పాకదు. నల్లరంగు తయారీకి తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. ఆ నీళ్లు చూస్తే పెద్ద నలుపేమీ ఉండదు. అచ్చును అందులో ముంచి కరక్కాయ పట్టించిన గుడ్డ మీద పెట్టగానే గీత నల్లగా తేలుతుంది, కరక్కాయలోని వగరుకు ఇనుము తగిలి అక్కడికక్కడ నలుపు పుడుతుంది. ఎరుపు అయితే ఇంకా విచిత్రం. ఎర్రగా రావాల్సిన చోట పటిక కలిపిన ద్రావణం అద్దుతారు, అప్పుడు ఎరుపు జాడే ఉండదు. ఆ గుడ్డను కాలవ పారే నీళ్లలో జాడించి, పెద్ద గంగాళాల్లో చెట్టు వేళ్లు, ఆకులు వేసి కట్టెల మంట మీద ఉడకబెడితే, పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపెక్కుతుంది, మిగతా గుడ్డ అలాగే ఉండిపోతుంది. గంగాళంలో గుడ్డను కర్రతో తిప్పుతూ పైకెత్తినప్పుడల్లా ముందు లేని ఎర్రపూలు కనబడుతుంటే, ఎన్నిసార్లు చూసినా నాకు ఆశ్చర్యం తీరదు.

అద్దకం బల్లల దగ్గర కూడా నిలబడాలి. పొడవాటి బల్ల, మీద మెత్తగా మడతలు వేసిన గోనెపట్టాలు, పక్కన రంగు పెట్టె. అద్దే మనిషి అచ్చును రంగులో తాటించి, గుడ్డ మీద పాత గీత అంచు చూసుకుని పెట్టి, పిడికిలితో ఒక్క దెబ్బ వేస్తాడు. తీస్తాడు, మళ్లీ ముంచుతాడు. కొలబద్ద లేదు, పెన్సిల్ గీత లేదు, కంటికొలతే. ఒక చీర మొత్తం నల్లగీతలు అయ్యాక, లోపలి రంగులకు వేరే అచ్చులు, ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు, అదే చోట మళ్లీ పడాలి. అచ్చులు చెక్కేవాళ్లు కూడా అక్కడే ఉంటారు, కనుక్కుని వెళ్లండి, వెంట్రుకంత సన్నగీత టేకు చెక్కలో మిగిలేలా చుట్టూ తొలిచే పని అది.

పెడన వెళ్తే వాతావరణం చూసుకునే వెళ్లాలి. ఈ పని మొత్తం ఎండ మీద, నీళ్ల మీద నడుస్తుంది. మబ్బు పట్టిన రోజు వెళ్తే సగం పని ఆగి ఉంటుంది. దసరా దాటిన తర్వాత నుంచి మార్చి దాకా మంచి కాలం, పొద్దున పదింటికల్లా ఊళ్లో ఉండేట్టు చూసుకోండి. ముందే ఎవరైనా అద్దకం యూనిట్ వాళ్లకు ఫోన్ చేసి ఈరోజు ఉడకబెట్టే పని ఉందా అని అడిగితే ఇంకా మేలు, ఎందుకంటే అన్ని దశలూ రోజూ జరగవు. ఇంకో సంగతి, పెడనలోనే రసాయన రంగులతో స్క్రీన్ ప్రింటు కూడా చేస్తారు, అది దాచిపెట్టే విషయం కాదు, అడిగితే ఏది ఏదో చెప్తారు. మోసం జరిగేది స్క్రీన్ ప్రింటును కలంకారీ ధరకు అమ్మే చోట. గుడ్డ తిరగేసి చూడండి, చెట్టు రంగుల గుడ్డకు వెనకవైపు కూడా రంగు దిగి ఉంటుంది, అచ్చుకు అచ్చుకు మధ్య అతుకు దగ్గర చిన్న ఎడం ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, కొత్త గుడ్డకు ఒక రకం వగరు వాసన ఉంటుంది.

బందరు పక్కనే కాబట్టి మధ్యాహ్నం అక్కడ భోంచేసి, బందరు లడ్డు కట్టించుకుని, అక్కడి డచ్చివాళ్ల సమాధులు చూడండి. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లిష్ వాళ్లు ఈ రేవులో దిగింది ఎక్కువగా ఈ అద్దకం గుడ్డ కోసమే. పొద్దున బల్ల మీద చూసిన పనికి అంత దూరం నుంచి ఓడలు వచ్చాయని ఆ రాళ్ల మధ్య నిలబడితే బాగా తెలుస్తుంది. మంగినపూడి బీచ్ కూడా దగ్గరే కానీ ఇవన్నీ ఒక్కరోజులో పట్టవు, రెండింట్లో ఒకటి వదిలేయాలి, నేనైతే బీచ్ వదిలేస్తాను. దారిలో పామర్రు దగ్గర నుంచి కూచిపూడి ఊరు కూడా కాస్త దూరమే, అయితే అది ఇంకో ఆదివారానికి ఉంచుకోండి.

ఎవరికి ఏదో తేల్చుకోలేకపోతే ఇలా చూడండి. కారు లేదు, బస్సులోనే వెళ్లాలి, సాయంత్రానికి ఇంట్లో ఉండాలి అంటే పెడన వద్దు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వస్తుంటే మంగళగిరిలో కింద గుడి, షాపులు చాలు, కొండపల్లిలో ఖిల్లా మానేసి బొమ్మల వీధి చాలు. ఫొటోలు బాగా రావాలి అనే కుర్రకారుకు కొండపల్లి ఖిల్లా ఒకటి, పెడనలో ఆరేసిన గుడ్డల బారు ఒకటి. టైలరింగ్, డిజైనింగ్ చదివే పిల్లలుంటే వాళ్లను కొండపల్లికి కాదు, తప్పకుండా పెడనకే పంపండి, కుదిరితే వేరే రోజు మంగళగిరి కూడా. మంగళగిరిలో నేసిన గుడ్డ మీద కలంకారీ అద్దిన చీరలు కూడా వస్తున్నాయి, రెండు ఊళ్లూ చూసినవాళ్లకు ఆ చీర విలువ వేరేగా కనిపిస్తుంది.

ఎక్కడికి వెళ్లినా అది వాళ్ల ఇల్లు, వాళ్లు పనిలో ఉన్నారు అన్నది మర్చిపోవద్దు. ఫోన్ తీసి వీడియో పెట్టే ముందు అడగండి. అరగంట నిలబెట్టి అన్నీ చూపించుకుని ఉత్త చేతులతో రావడం బాగోదు, చిన్నదైనా ఒకటి తీసుకోండి. బేరం షాపులో ఆడుకోండి, చేసినవాడి దగ్గర ఆడొద్దు. ఇళ్ల దగ్గర కొనేటప్పుడు కార్డులు తీసుకోకపోవచ్చు, ఫోన్‌పేకు సిగ్నల్ అందకపోవచ్చు, కాస్త నగదు దగ్గర ఉంచుకోండి. బొమ్మలు కొంటే ఏనుగు తొండం, పల్లకీ బొంగు లాంటివి ముందు విరుగుతాయి, వాటి చుట్టూ కాగితం దట్టంగా చుట్టమని చెప్పి, బ్యాగులో అడుగున కాకుండా అన్నిటికన్నా పైన పెట్టుకోండి. కలంకారీ గుడ్డను మొదటి రెండు మూడు సార్లు విడిగా, చల్లనీళ్లలో ఉతికి, నీడలో ఆరేసుకోండి.